శస్త్రచికిత్సకు ముందు మెగ్నీషియము: నొప్పి నిజముగా తగ్గునా?

రసాయనశాస్త్రపు తరగతిలో మెగ్నీషియము రిబ్బనును పట్టుకారుతో పట్టి వెలిగించినప్పుడు కన్నులు మిరుమిట్లు గొలుపు తెల్లని వెలుగు వచ్చుటను మన విద్యార్థులు చూచియుందురు. ఆకులలోని పత్రహరితపు అణువునకు నడుమ నుండునదియు ఈ మూలకమే అని వృక్షశాస్త్ర పాఠములో చదివియుందురు. దీని సల్ఫేటు లవణము ఎప్సమ్ లవణమను పేరుతో, విరేచనమునకు వాడు మందుగా, మందుల అంగళ్లలో చిరకాలమునుండి దొరకుచున్నది. ఈ చేదు లవణమునే శుద్ధిచేసి, శస్త్రచికిత్సకు కొంచెము ముందుగా రోగి సిరలోనికి ఎక్కించినచో, ఆ తరువాత కలుగు నొప్పి తగ్గునని గత మూడు దశాబ్దములుగా ఒక వాదము వైద్యలోకములో ప్రచారము పొందినది.

ఇది నాటువైద్యుల కల్పన కాదు. పేరుగల వైద్యులు పరీక్షలు జరిపి, పేరుగల పత్రికలలో ప్రకటించిన విషయము. కావున దీనిని ఒక్కమాటతో తోసివేయరాదు. అయితే కన్నులు మూసికొని అంగీకరింపను రాదు. ఒక మందు ఎట్లు పనిచేయునో చక్కగా వివరింప గలుగుట వేరు. అది నిజముగా పనిచేయునని చూపుట వేరు. ఈ భేదమును విద్యార్థులకు బోధించుటకు మెగ్నీషియము కథకంటె మంచి ఉదాహరణము దొరకుట కష్టము. అందుచే ఈ వాదమును మొదటినుండి విమర్శదృష్టితో పరిశీలింతము.

నొప్పిని తగ్గించుట ఏల అవసరము?

కడుపు కోసి చికిత్స చేసిన రోగిని చూచినవారికి ఈ ప్రశ్న అనవసరమనిపించును. కాని నొప్పి కేవలము బాధ మాత్రమే కాదు. నొప్పిచే రోగి గట్టిగా దగ్గలేడు, నిండుగా ఊపిరి పీల్చలేడు. అందువలన కఫము ఊపిరితిత్తులలో నిలిచి, అచ్చట వ్యాధి పుట్టుటకు అవకాశమేర్పడును. రోగి లేచి నడువక మంచము పట్టియే యున్నచో కాలి సిరలలో రక్తము గడ్డకట్టు ప్రమాదము కూడ కలదు.

ఈ నొప్పికి మార్ఫిన్ బలమైన మందు. కాని దానివలన వాంతులగును, మలబద్ధకము కలుగును. మోతాదు మించినచో శ్వాసయే మందగించును. కావున మార్ఫిన్ అవసరమును తగ్గించు మందు ఏదైన ఉన్నచో, అది రోగికి మేలే. మెగ్నీషియము చవుకైనది, ఎల్లెడల దొరకునది, శరీరమునకు క్రొత్తది కానిది. మన దేహములో సుమారు 25 గ్రాముల మెగ్నీషియము ఎల్లప్పుడు ఉండును. అందులో సగమునకు మించి ఎముకలలోనే యుండును. రక్తద్రవములో ఉండునది నూటికి ఒక పాలుకంటెను తక్కువ. ఇట్టి సుపరిచితమైన పదార్థము నొప్పిని కూడ తగ్గించుననిన ఎవరికి ఆశ కలుగదు?

వాదమునకు ఆధారము

గాయమైన చోటినుండి సన్నని నాడీతంతువులు వార్తను వెన్నుపామునకు చేర్చును. అచ్చట ఆ తంతువుల కొనలు గ్లుటమేటు అను పదార్థమును విడుచును. అది ఎదుటి నాడీకణముపై నుండు గ్రాహకములకు తగిలినప్పుడు ఆ కణము ఉత్తేజము పొంది, వార్తను మెదడువైపునకు పంపును. ఈ గ్రాహకములలో ఎన్.ఎమ్.డి.ఏ. గ్రాహకమను ఒక తరగతి కలదు. దీనిని ఒక ఇరుకైన ద్వారముగా భావింపవచ్చును. సామాన్యస్థితిలో ఈ ద్వారమునకు ఒక మెగ్నీషియము అయాను బిరడావలె అడ్డుపడి యుండును. ఈ సంగతిని 1984లో ఫ్రాన్సులో ఒక బృందమును, అమెరికాలో మరియొక బృందమును వేర్వేరుగా కనుగొని ప్రకటించెను.

నొప్పి వార్తలు ఎడతెగక వచ్చినప్పుడు కణపు పొరయొక్క విద్యుత్ స్థితి మారును. ధనావేశముగల మెగ్నీషియము అయాను ఆ మార్పుచే ద్వారమునుండి వెలికి నెట్టబడును. అప్పుడు కాల్షియము అయానులు లోనికి చొచ్చును. దాని ఫలితముగా ఆ నాడీకణము మునుపటికంటె సున్నితమై, చిన్న తాకిడికే పెద్దగా స్పందించును. గాయమువలన వెన్నుపాములోనే ఇట్టి సున్నితత్వము పెరుగునని 1983లో క్లిఫర్డ్ ఉల్ఫ్ ఎలుకలపై చేసిన ప్రయోగములతో చూపెను. గాయము చుట్టునుండు, దెబ్బతగులని చర్మము సైతము తాకినంతనే నొప్పి పెట్టుటకు ఇది యొక కారణము.

ఈ రెండు సంగతులను జతపరచినచో వాదము సిద్ధమగును. బిరడా తొలగుటవలన నొప్పి పెరుగుచున్నది. బిరడా మెగ్నీషియము. కావున కత్తి తాకకమునుపే మెగ్నీషియమును అధికముగా ఇచ్చినచో బిరడా గట్టిగా నిలుచును, నొప్పి ముదరదు. వినుటకు ఎంత పొందికగా ఉన్నది! తరగతిలో నల్లబల్లపై బొమ్మ గీచి పది నిమిషములలో బోధింపవచ్చును. ప్రమాదమంతయు ఈ పొందికలోనే యున్నది.

రెండు సందులు

ఈ వాదములో మొదటి సందు ఇది: బిరడా తొలగుట మెగ్నీషియము చాలకపోవుటవలన కాదు. నాడీకణముల చుట్టునుండు ద్రవములో, లీటరునకు సుమారు ఒక మిల్లీమోలు మెగ్నీషియము ఇదివరకే యున్నది. బిరడాను ఊడగొట్టునది విద్యుద్బలము. ఇంటి తలుపునకు గడియ వేసియే యున్నది. బయటివాని త్రోపుడునకు ఆ గడియ ఊడుచున్నది. అట్టి సమయమున వాకిట గడియలను గుట్టగా పోసినంతమాత్రమున తలుపు గట్టిపడునా? ఊడినదాని స్థానమున మరియొకటి త్వరగా పడుటకు కొంత అవకాశము లేకపోలేదు. కాని ఆ కొంత ఎంత? దీనికి బొమ్మ సమాధానము చెప్పలేదు. పరీక్షయే చెప్పవలెను.

రెండవ సందు మరింత పెద్దది. మందును సిరలోనికి ఎక్కించుచున్నాము, ద్వారమున్నది వెన్నుపాములో. రక్తమునకును, మెదడు వెన్నుపాములను కడుగుచుండు మేరుద్రవమునకును నడుమ ఒక అడ్డుగోడవంటి ఏర్పాటు కలదు. రక్తములోని ప్రతి పదార్థమును అది సులభముగా లోనికి పోనీయదు. రక్తములో మెగ్నీషియము పెరిగినంతనే మేరుద్రవములోను అంతగా పెరుగునని భావించుట పొరపాటు.

ఈ రెండవ ప్రశ్నకు 2001లో దక్షిణ కొరియా వైద్యులు ప్రకటించిన పరిశీలన సూటిగా సమాధానమిచ్చినది. గర్భాశయమును తొలగించు శస్త్రచికిత్స పొందిన 60 మంది స్త్రీలలో వారు కొందరికి మెగ్నీషియము సల్ఫేటును, తక్కినవారికి ఉప్పునీటి ద్రావణమును ఇచ్చిరి. తరువాత మేరుద్రవమును తీసి పరీక్షించిరి. మెగ్నీషియము పొందినవారి మేరుద్రవములో ఆ మూలకము పెరుగలేదు. వారికి కావలసిన నొప్పిమందును తగ్గలేదు. అయితే ఒక విశేషము కనబడెను: ఏ మందు పొందినవారైనను సరే, మేరుద్రవములో సహజముగా మెగ్నీషియము ఎక్కువగా నున్నవారికి నొప్పిమందు తక్కువ సరిపోయెను. అనగా బిరడా సిద్ధాంతము అబద్ధము కాకపోవచ్చును. కాని సిరలో ఎక్కించిన మందు బిరడా యున్న చోటికి చేరలేదు. సిద్ధాంతము నిజమై, చికిత్స విఫలము కావచ్చునని దీనివలన తెలియుచున్నది.

కదలనివానికి నొప్పి లేదా?

మెగ్నీషియమునకును నొప్పికిని ముడిపెట్టుట ఇది మొదటిసారి కాదు. నూరేండ్లకు పూర్వమొకసారి ఇట్టి ముడియే పడినది. అది విప్పుటకు అరువదియేండ్లు పట్టినది. నేటి పరీక్షలను తూచుటకు ముందు ఆ కథను తెలిసికొనుట మేలు.

20వ శతాబ్దారంభమున న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో శామ్యూల్ మెల్ట్జర్, జాన్ ఆయర్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు జంతువుల చర్మముక్రింద మెగ్నీషియము లవణములను ఎక్కించి చూచిరి. జంతువులు కదలక మెదలక పడియుండెను. కోసినను ప్రతిక్రియ కనబడలేదు. దీనిని వారు 1905లో సర్వాంగములకును మత్తు కలిగించు గుణముగా ప్రకటించిరి. 1906లో మెల్ట్జరును మరియొక శస్త్రవైద్యుడును ఈ లవణమును మానవుల వెన్నునాళములోనికి ఎక్కించి శస్త్రచికిత్సలు జరిపిన సంగతిని ప్రకటించిరి. 1916లో సిరలోనికి ఎక్కించి మానవులకు మత్తు కలిగించుటను గూర్చిన వ్యాసము కూడ వెలువడెను. వారి ప్రయోగములు శ్రద్ధగా చేసినవే. మెగ్నీషియము చేయు చెరుపునకు కాల్షియము విరుగుడని 1908లో చూపినవారును వారే. ఆ విరుగుడు నేటికిని వాడుకలో నున్నది.

కాని ఒక ప్రశ్నను అడుగవలసినంత గట్టిగా అడుగలేదు. జంతువు కదలలేదు, నిజమే. నొప్పి లేక కదలలేదా? నొప్పి యుండియు కదలలేకపోయినదా?

1954లో డెల్ కాస్టిల్లో, ఎంగ్‌బెక్ అనువారు కండరమును నాడిని కలుపు చోటును పరీక్షించి, మెగ్నీషియము అధికమైనప్పుడు నాడికొన విడువవలసిన అసిటైల్‌కోలీను తగ్గిపోవునని చూపిరి. అనగా కదలుమను ఆజ్ఞ కండరమునకు చేరదు. తుదకు 1966లో సోమ్జెన్, హిల్మీ, స్టీఫెన్ అనువారు, తమంతతాము ముందుకు వచ్చిన ఇద్దరు మనుష్యులకు సిరద్వారా మెగ్నీషియము సల్ఫేటును ఎక్కించి చూచిరి. వారి కండరములు చచ్చుబడెను. కాని స్పృహ పోలేదు. నొప్పిని గుర్తించు శక్తియు పోలేదు. మెగ్నీషియముతో మనుష్యులకు మత్తు కలిగించుటలో వైఫల్యమని తమ వ్యాసమునకు వారు నిర్మొగమాటముగా పేరు పెట్టిరి.

ఈ ఫలితపు అర్థమును ఒక్క క్షణము ఆలోచింపుడు. కేవలము ఈ లవణమునే నమ్మి కత్తి పట్టినచో, బల్లపై పడియున్న రోగి సమస్తమును అనుభవించుచు, వ్రేలైన కదపలేక, కేకయైన వేయలేక యుండవచ్చును. చూచువారు మాత్రము మందు చక్కగా పనిచేసినదని సంతోషింతురు. అరవనివాడెల్ల నొప్పిలేనివాడు కాడు. నొప్పిని కొలుచుటకు పూనుకొనిన ప్రతివారును ముందుగా నేర్వవలసిన పాఠమిది.

నేడు ఎవరును మెగ్నీషియమును ఒంటరి మత్తుమందుగా వాడుట లేదు. నేటి పరీక్షలలో ఇచ్చు మోతాదులును కండరములు చచ్చుబడునంతటివి కావు. అయినను కొలిచినది నొప్పినా, లేక నొప్పికి గుర్తుగా మనము అనుకొనిన మరియొకదానినా అను ప్రశ్న నేటికిని చెల్లును.

నేటి పరీక్షలు

ప్రస్తుత వాదమునకు ఊపునిచ్చినది 1996లో స్విట్జర్లాండులోని జెనీవా వైద్యులు, మార్టిన్ ట్రామేర్ మున్నగువారు, ప్రకటించిన పరీక్ష. గర్భాశయ శస్త్రచికిత్స పొందు 42 మంది స్త్రీలను చీట్లు తీసినట్లు రెండు జట్లుగా విభజించిరి. ఒక జట్టునకు శస్త్రచికిత్సకు ముందు 20 శాతపు మెగ్నీషియము సల్ఫేటు ద్రావణము 15 మిల్లీలీటర్లు ఇచ్చిరి. తరువాత 20 గంటలపాటు గంటకు 2.5 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కించిరి. రెండవ జట్టునకు ఉప్పునీటి ద్రావణమిచ్చిరి. ఎవరికి ఏది ఇచ్చిరో రోగికి గాని, ఫలితమును లెక్కించువారికి గాని తెలియకుండ జాగ్రత్త పడిరి. మెగ్నీషియము జట్టునకు ఎంత లవణము చేరినదో విద్యార్థులు లెక్కకట్టవచ్చును: మొదట 3 గ్రాములు, తరువాత గంటకు అర గ్రాము చొప్పున 10 గ్రాములు, వెరసి 13 గ్రాములు.

నొప్పి కలిగినప్పుడు రోగి తానే మీట నొక్కి మార్ఫిన్ తీసికొను యంత్రమును రెండు జట్లకును అమర్చిరి. మొదటి రెండు దినములలో మెగ్నీషియము జట్టువారు తక్కువ మార్ఫిన్ తీసికొనిరి. తమకు అసౌకర్యము తక్కువగా నున్నదనియు చెప్పిరి. రెండవ జట్టువారికి రాత్రులు నిద్ర చెడగా, వీరికి నిద్ర చెడలేదు.

ఇది మంచి పరీక్ష. చీట్లు తీయుట, ఇరువైపులను చీకటిలో ఉంచుట అను రెండు నియమములను పాటించినది. అయితే పాల్గొన్నవారు 42 మంది మాత్రమే. ఒక్కొక్క మనిషికి కలుగు నొప్పిలో ఎంతో భేదముండును. ఇంత చిన్న జట్లలో నొప్పికి ఓర్చుకొనువారు నలుగురైదుగురు ఒకేవైపు చేరినను ఫలితము మారిపోవచ్చును. మరియు మీట నొక్కుట నొప్పికి గుర్తే గాని నొప్పి కాదు. ఏ మందువలననైన మగతగాని నీరసముగాని కలిగినను రోగి మీటను తక్కువగా నొక్కవచ్చును. అసౌకర్యమును విడిగా అడిగి తెలిసికొనిరి కావున ఈ పరీక్షలో ఆ సందేహము కొంత తగ్గును. కాని ప్రతి పరీక్షలోను అడుగదగిన ప్రశ్నయే యిది.

తరువాత అనేక దేశములలో ఇట్టి పరీక్షలు జరిగెను. కొన్ని మేలు కనబడెననెను. కొరియా పరీక్షవంటివి కనబడలేదనెను. 2007లో 14 పరీక్షలను ఒకచోట చేర్చి పరిశీలించిన వ్యాసము వెలువడెను. వాటిలో పాల్గొన్నవారందరు కలిసి 778 మంది. నొప్పి గాని, నొప్పిమందుల అవసరము గాని మెగ్నీషియముచే తగ్గునని నమ్మదగిన సాక్ష్యము లేదని ఆ వ్యాసకర్తలు తేల్చిరి. శస్త్రచికిత్స తరువాత వచ్చు వణుకు మాత్రము తగ్గినదనిరి. ఆ వ్యాసకర్తలలో 1996 నాటి ట్రామేరును ఒకడు. తాను కలిగించిన ఆశను తానే మరల త్రాసులో నుంచి, తక్కువ తూగినదని ఒప్పుకొనుట శాస్త్రజ్ఞునకు అలంకారము. మన విద్యార్థులకు ఇట్టివారి కథలను చెప్పవలెను.

కథ అంతటితో ముగియలేదు. 2013లో మరియొక సంకలన వ్యాసము వచ్చెను. ఈసారి 25 పరీక్షలు, 1,461 మంది. మొదటి 24 గంటలలో మార్ఫిన్ అవసరము 24.4 శాతము తగ్గినదని తేలెను. వాదమునకు గెలుపు వచ్చినట్లు కనబడుచున్నది కదా? కాని శాతమును చూచి ఆగరాదు. శాతము వెనుకనున్న అసలు సంఖ్యను చూడవలెను. తగ్గిన మార్ఫిన్ 7.6 మిల్లీగ్రాములు. అనగా సుమారు 31 మిల్లీగ్రాములు కావలసినచోట 23 లేక 24 సరిపోయెనన్నమాట.

మరి నొప్పి? సున్న నొప్పి లేమికిని, 100 భరింపరాని నొప్పికిని గుర్తుగా పెట్టుకొనిన కొలబద్దపై, 24 గంటల తరువాత, కదలక పడుకొనియున్నప్పటి నొప్పి 4.2 తగ్గెను. కదలినప్పటి నొప్పి 9.2 తగ్గెను. ఈ కొలబద్దపై సుమారు 10 తగ్గిననే గాని రోగి తనకు మేలైనదని గుర్తింపడని మరియొక పరిశీలనలో తేలినది. 9.2 దాని దరిదాపులకు వచ్చినది, 4.2 సగమైన చేరలేదు. గణితము దృష్టిలో ఈ భేదము యాదృచ్ఛికము కాకపోవచ్చును. కాని గణితమునకు కనబడు భేదమెల్ల మంచముమీది రోగికి తెలియు భేదము కాదు. ఆ తగ్గిన మార్ఫినువలన వాంతులు తగ్గెనా, రోగి త్వరగా లేచి నడచెనా అనునవియే అసలు ప్రశ్నలు.

చిన్న పరీక్షలను కూడినచో పెద్ద పరీక్ష యగునా?

1,461ని 25తో భాగించినచో ఒక్కొక్క పరీక్షకు సగటున 58 మంది వచ్చుచున్నారు. చిన్న పరీక్షలలో మరియొక చిక్కు కలదు. మేలు కనబడిన పరీక్ష పత్రికకు చేరును. ఏమియు కనబడనిది బల్ల సొరుగులో మిగిలిపోవును. అచ్చయినవానిని మాత్రమే కూడినచో మొత్తము సహజముగా మేలువైపునకే మొగ్గును. అట్టి మొగ్గు ఎంతటి పొరపాటునకు దారితీయగలదో చూపుటకు మరియొక మందు కథ అక్కరలేదు. గుండెజబ్బు చికిత్సలో ఈ మెగ్నీషియమునకే పట్టిన గతి చాలును.

గుండెపోటు వచ్చినవారికి మెగ్నీషియమిచ్చినచో మరణములు తగ్గునని కొన్ని చిన్న పరీక్షలు సూచించెను. 1992లో ఇంగ్లాండులోని లెస్టరు నగరమున 2,316 మందిపై జరిగిన పరీక్షలో మరణములు 24 శాతము తగ్గెను. కారణములకును కొదవ లేకుండెను: మెగ్నీషియము రక్తనాళములను సడలించును, గుండె లయను కుదుటపరచును. కాని 1995లో 58,050 మందిపై జరిగిన మహాపరీక్ష ఫలితములు వెలువడెను. మెగ్నీషియము పొందినవారిలో నూటికి 7.64 మంది, పొందనివారిలో నూటికి 7.24 మంది మరణించిరి. మేలేమియు లేదు. నొప్పి పరీక్షలలో సగటున 58 మంది యున్నారంటిమి. ఇచ్చట దానికి వేయిరెట్లు. చిన్న పరీక్షలు కట్టిన మేడను పెద్ద పరీక్ష కూల్చుట శాస్త్రములో అరుదైన సంగతి కాదు.

అట్లని పెద్ద పరీక్షలన్నియు మెగ్నీషియమునకు వ్యతిరేకమనుకొనరాదు. గర్భిణులకు రక్తపుపోటు పెరిగి మూర్ఛలు వచ్చు వ్యాధి కలదు. అది తల్లిని బిడ్డను కబళింపగలదు. 2002లో ఫలితములు ప్రకటించిన మాగ్‌పై అను పరీక్షలో 33 దేశములనుండి పదివేలకు పైబడి స్త్రీలు పాల్గొనిరి. మూర్ఛలు మెగ్నీషియము పొందినవారిలో 0.8 శాతమునకును, పొందనివారిలో 1.9 శాతమునకును వచ్చెను. సగమునకు మించి తగ్గినవన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అత్యవసర ఔషధముల పట్టికలోను ఈ చవుక లవణమునకు చోటు కలదు.

ఇందులోని విచిత్రమును గమనింపుడు. మూర్ఛలను మెగ్నీషియము ఎట్లు ఆపుచున్నదో నేటికిని పూర్తిగా తెలియదు. కాని ఆపుచున్నదని గట్టిగా తెలియును. నొప్పి విషయమున ఎట్లు తగ్గింపగలదో బొమ్మ గీచి చూపగలము. కాని ఎంత తగ్గించుచున్నదో గట్టిగా చెప్పలేకున్నాము. రోగికి కావలసినది ఈ రెండింటిలో ఏదియో వేరుగా చెప్పనక్కరలేదు.

కీడు సంగతి

మేలు చిన్నదైనప్పుడు కీడును మరింత జాగ్రత్తగా తూచవలెను. రక్తద్రవములో సహజముగా లీటరునకు 0.7 నుండి 1 మిల్లీమోలు వరకు మెగ్నీషియముండును. అది నాలుగైదు మిల్లీమోలులు దాటునప్పటికి మోకాటి చిప్పక్రింద తట్టినను కాలు ఎగురదు. ఇంకను పెరిగినచో శ్వాసకండరములు పనిచేయవు. ఆపై గుండెయే ఆగిపోవచ్చును. అధికమైన మెగ్నీషియమును బయటికి పంపునవి మూత్రపిండములు. అవి చెడినవారికి సామాన్యపు మోతాదైనను ప్రమాదకరము కాగలదు. శస్త్రచికిత్సలో కండరములను సడలించుటకు ఇచ్చు కొన్ని మందుల ప్రభావమును కూడ మెగ్నీషియము పెంచి పొడిగించును. కావున మత్తు వైద్యుని కనుసన్నలలో తప్ప దీనిని వాడరాదు. విరుగుడుగా కాల్షియము గ్లూకొనేటును చేతికందునట్లు ఉంచుకొందురు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఇంతవరకు చెప్పిన పరీక్షలన్నియు సిరలోనికి ఎక్కించిన మందును గూర్చినవి. వానిని చూపి, శస్త్రచికిత్సకు ముందు మెగ్నీషియము మాత్రలు మ్రింగుడని ఎవరైన సలహా ఇచ్చినచో అది తర్కము కాదు. మ్రింగిన మెగ్నీషియములో కొంతభాగమే రక్తములో చేరును. మిగిలినది పేగులలో నీటిని నిలిపి విరేచనములు కలిగించును. శస్త్రచికిత్సకు ముందు శరీరములోని నీరు లవణములు పోవుట మేలు కాదు. ఇదివరకే అట్టి మాత్రలు వాడుచున్నవారు ఆ సంగతిని మత్తు వైద్యునకు దాచక చెప్పవలెను.

ముగింపు

ఇప్పుడు తీర్పు చెప్పవలసియున్నది. శస్త్రచికిత్సకు ముందు మెగ్నీషియమిచ్చుట వృథా అని చెప్పుటకు ఆధారము లేదు. కొందరికి మార్ఫిన్ అవసరము కొంత తగ్గవచ్చును. అనుభవముగల వైద్యుడు ఇతర మందులతోపాటు దీనిని వాడినచో తప్పుపట్టలేము. కాని ఇది నొప్పిని జయించిన మందని చెప్పుట అతిశయోక్తి. వెన్నుపాములోని బిరడా కథను దీనికి రుజువుగా చూపుట అంతకంటె పెద్ద తప్పు. ఆ కథ పరీక్ష చేయుటకు కారణము కాగలదు గాని, పరీక్షకు బదులు కాజాలదు. గుండెపోటు విషయమున జరిగినట్లు, వేలకొలది రోగులపై, రోగి గుర్తింపగల మేలునే కొలుచు ఒక పెద్ద పరీక్ష జరిగిననే గాని ఈ వివాదము తీరదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చర్చకు పెట్టవచ్చును. ఏదైన మందు గొప్పదని విన్నప్పుడు విద్యార్థి నాలుగు ప్రశ్నలు వేయ నేర్చినచో చాలును. మందు చేరవలసిన చోటికి చేరినదా? కొలిచినది అసలు బాధనా, లేక దాని గుర్తునా? తగ్గినది ఎంత శాతమని కాక, అసలెంత? పరీక్షలో ఎందరున్నారు? ఈ ప్రశ్నలకు ప్రయోగశాల అక్కరలేదు, పెద్ద చదువు అక్కరలేదు. కాని 1906లో మొదటి ప్రశ్నలను ఎవరైన గట్టిగా వేసియున్నచో, కదలలేని రోగిని చూచి నొప్పిలేని రోగి యని పొరబడుట అరువది సంవత్సరములు సాగియుండెడిది కాదు.